చెంబు

తొమ్మిదేండ్ల తర్వాత
అటుక మీది రంగుల డబ్బా దించిన.
కుంచెల వెంట్రుకలు బొద్దింకలు తిన్నయి.
నీలం ట్యూబు రాయైంది,
బ్లేడుతో కోస్తే లోపల
శెనగ గింజంత తడి.

చాలు.

కాజీపేట క్వార్టర్ల కరెంటు లేని పగటీలి.
గూడ్సు పోతుంటే గ్లాసుల నీళ్లు వణికినయి,
చెయ్యి అంతకుముందు నుంచే వణుకుతుంది.

ఎదురుంగ ఇత్తడి చెంబు.
దాని మెడ నాకు దొరుకుతలేదు.
ఒకప్పుడు చూడకుండనే గీసేదాన్ని;
ఇప్పుడు చూస్తుంటే
అప్పుడు ఎన్నడూ చూడనేలేదని తెలుస్తుంది.

పక్క క్వార్టర్ షారోన్ తొంగిచూసి
"వంకాయనా ఆంటీ?" అన్నది.
"ఔ బిడ్డా, వంకాయనే."

ముచ్చిక గూడ పెట్టిచ్చిన.
అది నవ్వుకుంట ఉరికింది.

కాయితం ఎండకముందే
చెంబును జరంత
కిటికీ దిక్కు జరిపిన.