లోపలి బట్ట

చిట్టి ఎత్తుకున్న పైసలు
కొలతల పుస్తకంల పెట్టుకొని
కాశిబుగ్గ నుంచి హన్మకొండ చౌరస్తాకు పోయిన,
ఫోను కొందామని.

పాతదాని అద్దం పగిలి ఆర్నెల్లాయె.
పగులు మీద టేపు అంటిచ్చి
దాని కిందనుంచే చూసిన
ఎవరెవరో పంపిన మెడల డిజైన్లు, చేతుల డిజైన్లు.

షాపుల పిలగాడు నిఖిలేశ్
రెండు ఫోన్లు అద్దం మీద పెట్టిండు.
"ఇది తీసుకున్నవనుకో అక్కా,
ఏం ముట్టుకునే పని లేదు. అన్నీ వాళ్ళే సర్ది ఇస్తరు.
ఒక్క బొమ్మ జరపాలన్నా వాళ్ళ లెక్కనే జరుగుతది.
సతాయించదు. ఐదేండ్లు కండ్లు మూసుకొని వాడు.

ఇది తీసుకున్నవనుకో, నీ ఇష్టం.
అక్షరం మార్చుకో, రంగు మార్చుకో,
తాళం మార్చుకో, ఇల్లే మార్చుకో.
కానీ మార్చుడు మొదలువెడితే
ఆదివారాలు దాంట్లెనే పోతయ్."

నాకు నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్ల సంది నా గిరాకీ ఇదే కద.
రెడీమేడు వేసుకొని
చంక కింద బిగిసిందని వచ్చేటోళ్ళు,
కుట్టిచ్చుకొని, విప్పిచ్చుకొని, మళ్ళ కుట్టిచ్చుకొని
రెడీమేడే నయముండె అని పోయేటోళ్ళు.
ఇద్దరి పైసలతోనే నా ఇంట్ల బియ్యం.

మొదటిది చేతిలకు తీసుకున్న.
అంచు ఎంత సాఫుగున్నదంటే
కుట్టు ఎక్కడేసిర్రో దొరకలే.
పనిమంతుడు చేసిన పని, ఒప్పుకోవాలె.
మొఖం చూసి తెరుచుకుంటదట.
ఏ మొఖం?
పొద్దంత పెదవుల నడుమ గుండుసూదులు పట్టుకున్నదా,
సూదులు తీసిన రాత్రిదా?

రెండోది వేలుముద్ర అడిగింది.
బొటనవేలు పెట్టిన. గుర్తువట్టలే.
చూపుడువేలు. గుర్తువట్టలే.
గీతలన్నీ కత్తెర తిన్నది,
మిగిలిన కాడ కాయ కాసింది.
"ఇంకో వేలు పెట్టు అక్కా, ఏదైనా నడుస్తది."
ఎడమచేతి చిటికెన వేలు పెట్టిన,
ఎన్నడూ పని చెప్పని ఒక్క వేలు.
తెరుచుకున్నది.

పక్క మిషిను షాహెదాకు ఆ మొదటిదే ఉన్నది.
దాని గురించి ఆమె ఎన్నడూ మాట్లాడది.
పిలగాని ఫీజు గురించి మాట్లాడుతది,
దారం ధర గురించి మాట్లాడుతది.
మాట్లాడే అవసరమే రానిది మంచి వస్తువే.
నాకంటే రోజుకు రెండు జాకెట్లు ఎక్కువ తీస్తది.

అయినా ఒకటి అడిగిన:
"దీంట్ల లోపల బట్ట ఇడిచిర్రా?"
నిఖిలేశ్‌కు సమజ్ కాలే.

జాకెట్టు కుట్టేటప్పుడు
పక్క కుట్టు లోపల వేలెడు బట్ట మడిచిపెడతం.
బయటికి కనవడది. తొడిగినోళ్ళకు తెల్వది.
మూడేండ్లకు కాన్పయి, మనిషి కొంచెం నిండి వస్తే
కుట్టు విప్పి ఆ వేలెడు ఇడుస్తం.
అదే జాకెట్టు, కొత్త ఒళ్ళు.
బట్ట ఇడవకుండ కుట్టింది
ఎంత అందంగ కూసున్నా
ఆ ఒక్క రోజు కొలతకే.

రెండోదే తీసుకున్న.

ఎనిమిది నెలలాయె.
కంపెనీవాడు పెట్టిన కొండల బొమ్మ గట్లనే ఉన్నది,
మా దిక్కు ఎన్నడూ చూడని మంచు కొండలు.
అక్షరం మార్చలే. రంగు మార్చలే.
మోగేది వాడిచ్చిన మోతనే.
కాజీపేట బస్సుల ఒక్క ఫోను మోగితే
పదిమందిమి సంచులు తడుముకుంటం.

షాహెదా నవ్వుతది:
"గింత దానికి ఆ ఫోనెందుకే?"

నోట్లె గుండుసూదులున్నయ్.
చిటికెన వేలుతోని తెరిచి
పొద్దున వచ్చిన కొలతలు చూసుకుంటున్న.
నడుము ముప్పై రెండు, అని రాసి పంపింది ఒకామె.
ముప్పై నాలుగుకు గీత గీసిన,
ముప్పై రెండుకు కుట్టేసిన.