వాపసు గడి

సిరోంచలో బస్సు మీంచి సైకిలు దించుకునేసరికి
పొద్దింకా ప్రాణహిత ఇసుకలోనే ఒత్తిగిలి ఉంది.
మైలురాయి మీద మరాఠీ అక్షరాలు,
దాని మీద కూర్చున్న ముసలాయన నోట తెలుగు:
"ఎటువోతవ్ బిడ్డా, గీ ఎండల?"
ఎండ ఇంకా రాలేదు. ఆయనకు ముందే కబురందినట్టుంది.

తెల్లదొరల నాటి బంగళా దాటాను,
ఒక కిటికీకి అద్దం, ఒక కిటికీకి తేనెపట్టు.
ఊరైపోయిందనుకున్న చోట
మిరప కళ్లం మొదలైంది.
అర ఫర్లాంగు ఎరుపు.
తొక్కుతూ తుమ్మాను, తుమ్ముతూ తొక్కాను,
కాయలేరే ఆడవాళ్లు లెక్కపెట్టారు, పదకొండని.

వడదం దగ్గర దిగి
రాయైపోయిన చెట్టును తాకాను.
బెరడు గీతలన్నీ ఉన్నాయి,
ఆకు రాల్చడమొక్కటే మానేసింది.
కాపలా కుర్రాడు చీటీ అడగలేదు, గేర్లెన్నని అడిగాడు.
ఆరన్నాను.
"ఈ తొవ్వకు రెండు చాలు,
ఎక్కనీకొకటి, దిగి నడవనీకొకటి."

అంకీస ఇంకా కోసెడు దూరముందనగా
తుమ్మముల్లు వాడి మాట నిజం చేసింది.

నడిచాను.
చక్రం మీద కనబడనివి కాళ్లకు కనబడ్డాయి:
ఇప్పచెట్టు కింద గుండ్రంగా ఊడ్చిన నేల,
పూలు ఎవరివో చెప్పడానికి దాని అంచున ఒక రాయి,
ఆ రాయిని ఎవరూ జరపలేదన్న సంగతి.

పంక్చరు కొట్టు పోచుబాయిది.
ట్యూబును తొట్లో ముంచి, పిల్లకు తానం పోసినట్టు తిప్పింది.
బుడగ వచ్చిన చోట బొటనవేలు.
లెక్క మరాఠీలో చెప్పింది, పన్నాస్ రుపయే అని,
తిట్టు మాత్రం తెలుగులో:
"ముల్లుకు బుద్ధి లేదు, నీకన్న ఉండాలె గద."

అతుకు ఆరేలోపు అడిగింది,
"నీకు తెలుగు సదవొస్తదా?
మా బడిల మరాఠీయే చెప్పిన్రు.
గిది మా నాయినది."

అద్దె సైకిళ్ల ఖాతా. చెదలు సగం చదివేసిన పుస్తకం.
మిగతా సగం నేను చదివాను.

మూడో నంబరు. సడవలి. ఆసరెల్లి అంగడికి. వాపసు, దీపాలయాళ.
ఐదో నంబరు. బక్కులు. బిడ్డను చూడ. వాపసు, తెల్లారి. హ్యాండిలు వంకర.
రెండో నంబరు. పంతులు. జనాభా లెక్కకు. వాపసు, నాలుగో దినం. పైసలు బాకీ.

పోచుబాయి నవ్వింది. "గా పంతులు ఇంకా బాకీయే."

ఊళ్లన్నీ ఆ కాగితం మీద తిరుగుతున్నాయి,
గంటకు అర్ధరూపాయి చొప్పున.

ఏడో నంబరు. నేనే. ఏటిదాక.

ఆగాను.
పక్క గడి ఖాళీ.

ఆమె పంపు కొడుతూనే ఉంది.
"సైకిలొచ్చింది," అంది,
"మూడోనాడు పడవోళ్లు తెచ్చిచ్చిన్రు.
గడిల రాసెటోడే రాలె."
కొట్టిన గాలి ఎక్కువైందేమో
కొంచెం వదిలింది. సన్నగా, చాలాసేపు.

సోమనూరు చేరేసరికి మధ్యాహ్నం.
ఇంద్రావతి వచ్చి గోదావరిలో పడుతోంది.
అటు గట్టొక రాష్ట్రం, ఇటు గట్టొకటి, నేనున్నది ఇంకోటి.
ఏ నీళ్లు ఏవో చెప్పమంటే చెప్పలేను.
సైకిలును గట్టు మీదే నిలబెట్టి
మోకాళ్ల లోతు దాకా దిగాను.
అంతకంటే దిగలేదు.
దిగాలనిపించలేదని అనను.

తిరుగు దారిలో అంకీస చీకటి పడిపోయింది.
కొట్టు మూసే ఉంది, మనిషి మాత్రం మెట్టు మీద,
ఒళ్లో ఖాతా, చేతిలో ఫోను వెలుతురు.
నా పేరు అడగలేదు.
ఆఖరి వరస కింద తన బడి అక్షరాల్లో రాసింది,
రాస్తూ పైకి చదివింది:
నీలి సైకిలు. ఏటిదాక.
పక్క గడిలో ఒకే మాట.
అది రెండు భాషల్లోనూ ఒకటే.

పుస్తకం మూసి
టైరు నొక్కి చూసింది, గాలి నిలిచిందో లేదోనని.