రెండో నమూనా

ఒగ్బొమోషోలో హర్మట్టాన్ గాలి మొదలైన వారం.
బల్ల మీద తుడిచిన చోటే మళ్లీ దుమ్ము.
పొద్దున్నే ఐసులో కలిపి పెట్టుకున్న డయాజో ద్రావణం
సాయంత్రానికి పనికిరాదు.
దానికి రేపు అనేది లేదు.

నాలుగు రోజుల పిల్లాడి రక్తం వచ్చింది.
చీటీ మీద పేరు లేదు,
"అబోసెడె బిడ్డ" అని మాత్రం.
మా వాళ్లు ఎనిమిదో రోజుకు గాని పేరు పెట్టరు.
పేరుకంటే ముందు వాడికి ఒక అంకె కావాలి.

సెంట్రిఫ్యూజ్ గిర్రున తిరిగి, మూలిగి, ఆగింది.
ఎరుపంతా అడుక్కి దిగిపోయి
పైన సీరం తేరింది,
పామాయిల్ వేసి వేయించిన గారీ రంగులో.
తీసుకున్నది నాలుగు చుక్కలు.
కెఫీన్ పోశాను. డయాజో పోశాను.
పది నిమిషాల్లో గులాబీ.
టార్ట్రేట్ పడగానే గులాబీ తప్పుకుని
నీలమూ ఆకుపచ్చా కాని ఏదో రంగు.
పసుపును కొలవాలంటే
ముందు దాన్ని పసుపుగా ఉండనివ్వకూడదు.

పదకొండు పాయింట్ రెండు.

రిజిస్టర్లో రాసేశాను కూడా.
అప్పుడు కనిపించింది చీటీ వెనక
నర్సు టిటిలోలా గొలుసుకట్టు రాత:
పాలు పట్టడం లేదు. ఏడుపు సన్నగా ఉంది.
అరికాలు నొక్కి చూశాను, పసుపే.
నల్లటి ఒంటి మీద కామెర్లు దాక్కుంటాయి,
ఆమె వేలికి మాత్రం దొరికిపోతాయి.
అరికాలి దాకా దిగిన పసుపుకి
పదకొండు చాలదు.
నా యంత్రం ఒకటంటోంది, ఆమె బొటనవేలు ఇంకొకటంటోంది.
పదిహేడేళ్ల ఉద్యోగంలో
నేను యంత్రం వైపు నిలబడడమే ఎక్కువ.

"ముఫుటావూ, ఈ సీసా ఇంతసేపు ఎక్కడుంది?"
"ఎక్కడికీ పోలేదు మేడం, గేటు దగ్గర బండి మీదే.
మీ గది తాళం తీసేదాకా ఒక గంట."
"నీడలోనా?"
అతను సూర్యుడి వైపు చూశాడు,
తప్పు ఎవరిదో వాడే చెప్పాలన్నట్టు.

మధ్యాహ్నం మొయిమొయి చుట్టి తెచ్చుకున్న
అల్యూమినియం రేకు కడిగి తుడిచి
కొత్త సీసాకి చొక్కాలా తొడిగి
నేనే వార్డుకి వెళ్లాను.
నాయనమ్మ ఒడిలో ఉన్నాడు, నేత గుడ్డలో.
మడత విప్పగానే గుప్పున కొట్టింది
కలరా ఉండల వాసన.
"మూడేళ్లు పెట్టెలో దాచాను తల్లీ,
చిమ్మెట తగలకుండా. మొదటి మనవడికని."
ఆవిడ ముఖంలో ఎంత గర్వమో.
ఆ వాసనకి కొందరి ఎర్రకణాలు
పగిలిపోతాయని, పగిలిన ఎరుపే పసుపవుతుందని
ఆ ముఖంలోకి చూస్తూ ఎలా చెప్పను?
"ఈ గుడ్డ వద్దమ్మా, వేరేది కట్టండి" అన్నాను.
మిగతాది డాక్టరుతో, తలుపు బయట.

ఇరవైమూడు పాయింట్ నాలుగు.

ఈసారి పరుగెత్తింది ముఫుటావు,
చీటీ పట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని.
రక్తం మార్చడానికి దాత కోసం కబురు వెళ్లింది.
ఈలోగా నీలి దీపాల కింద
కళ్లకు గంతలు కట్టి పడుకోబెట్టారు వాడిని.
జనరేటర్ దగ్గుతూనే ఉంది రాత్రంతా.
సీసాలో నాకు అబద్ధం చెప్పిన వెలుగే
అక్కడ వాడి చర్మం మీద వాలి
మందులా పనిచేస్తోంది.
దాని మీద కోపం పెట్టుకోవాలో
దండం పెట్టుకోవాలో తెలియలేదు.

తొమ్మిదో రోజు వచ్చిన నమూనా మీద పేరుంది.
ఒలువగ్బెమిసోలా.
చీటీ చాలక చివరి అక్షరాలు
సీసా వెనక్కి తిరిగిపోయాయి.

రిజిస్టర్లో ఆ పదకొండు ఇంకా ఉంది.
చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు,
అడ్డంగా ఒక్క గీత, అంకె చదవడానికి వీలుగా,
పక్కన సంతకం. అది మా నియమం.
కారణం అనే గడిలో
చాలాసేపు పెన్ను ఆడించి
ఒక్క మాట రాశాను:
ఎండ.