కొస విరిగిన జ

రైవస్ కాలువ గట్టు మీద మా ప్రెస్సు.
చెక్క అక్షరాల పెట్టెలో
పెద్ద 'జ'లు నాలుగే ఉండేవి,
అందులో ఒకదాని కొస విరిగింది.
ఆ మాఘమాసం బెజవాడ మొత్తానికి
ఒక్కసారే 'ప్రజ' అవసరమైంది.

కాడెద్దుల తరపున పున్నయ్య గారు,
కంకి కొడవలి తరపున ఆయన బావమరిది శోభనాద్రి.
ఒకే బల్ల, రెండు చివర్లు,
మధ్యలో నిన్నటి పేపరూ నేనూ.

"మా అక్కకి జ్వరం తగ్గిందేమో అడగరా," అన్నాడు శోభనాద్రి.
అడిగాను.
"తగ్గిందని చెప్పు. మా మెజారిటీ మాత్రం తగ్గదని చెప్పు."
చెప్పాను.
ఇద్దరి మీసాల్లోనూ ఏదో కదిలింది.
అది నవ్వని ఎవరూ ఒప్పుకోలేదు.

రాత్రి పదింటికి కరెంటు పోయింది.
లాంతరు పక్కన నాగూర్ మీరా మామ
తిరగేసిన అక్షరాల్ని వేళ్ళతో చదువుతున్నాడు.
మొదటి ఫారం దిగింది, రెండోది కట్టాలి.
నేను విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు:
"ప్రజాద్రోహులు ఉండనియ్యి,
ఇద్దరికీ కావాలి.
పై లైనులో పేరొక్కటే మార్చు."

మార్చాం.
తెల్లవార్లూ ట్రెడిల్ తొక్కాను.
ఎద్దుల వాళ్ళది తెల్ల కాగితం, కొడవలి వాళ్ళది ఎర్ర కాగితం,
నా కాలికి తేడా తెలీలేదు.

పొద్దున గవర్నరుపేట నుంచి పటమట దాకా
గోడగోడకీ తిట్లు.
ఒకళ్ళ మీద ఒకళ్ళు అంటించుకున్నారు,
జిగురు ఆరకముందే చించుకున్నారు.
వన్‌టౌన్‌లో కర్రలు లేచాయట, ఎవరిదో తల పగిలిందట.
చినిగిన ప్రతి ముక్కలోనూ నాకొకటే కనపడేది:
కొస విరిగిన జ,
పాలపన్ను ఊడిన పిల్లాడి నోరులా.
ఎవరికీ చెప్పలేదు.
చెప్తే రెండు బిల్లులూ ఎగ్గొడతారు.

పోలింగు నాడు స్కూల్లో
సిరా పెట్టే ఆయన మామ వేలు చూసి ఆగాడు.
"ఒకసారి వేసి మళ్ళీ వచ్చావా?"
ముప్పై ఏళ్ళ నలుపు అది,
కిరసనాయిలుకే లొంగలేదు.
ఇటు పున్నయ్య గారు లేచారు,
అటు శోభనాద్రి లేచాడు.
"ఆయన వేలెప్పుడూ అంతేనండీ!"
ఇద్దరి నోటా ఒకేసారి.
ఆ నెలంతటికీ వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.
అనేశాక మొహాలు తిప్పుకున్నారు.

తెర వెనక పెట్టెలు.
మామ చాలాసేపు బయటికి రాలేదు.

గెలిచినవాళ్ళ ఊరేగింపు వంతెన దాటుతుంటే
మేం అక్షరాలు గళ్ళల్లో సర్దుతున్నాం.
"ఏ పెట్టెలో వేశావు మామా?"
విరిగిన జని గుడ్డతో తుడిచి
నా చేతిలో పెట్టాడు.
"దీన్ని పైనే ఉంచు.
రేపు సర్కస్ వాళ్ళ పోస్టరుంది,
జంతువులొస్తున్నాయి."