టక్

ఆటోనగర్ గేటు దాటగానే మళ్లీ అంది.
"అదిగో" అన్నాను.
నాగుల్ మీరా బీడీ ఆర్పి
"ఎడమా, కుడా?" అన్నాడు.

లింకు రాడ్లు కొత్తవి. బుష్షులు పోయిన నెలే.
బాల్ జాయింటు
వాళ్లూ వీళ్లూ చెబితే రెండుసార్లు మార్చాను.
గతుకు ఎక్కేటప్పుడు కిక్కురుమనదు,
దిగేటప్పుడే
టక్.

రెంచీ ముట్టుకోలేదు అతను.
బానెట్ ఎత్తి, స్ట్రట్ నెత్తిన రెండు వేళ్లు ఆనించి
"తిప్పు" అన్నాడు.
పక్క షెడ్డులో లారీ బాడీకి రేకు కొడుతున్నారు.
అంత మోతలోంచీ దీన్ని ఏరాడు,
బియ్యంలో రాయిలా.

అప్పుడు జాకీ.
చక్రం గాల్లో వేలాడింది.
చేత్తో తోస్తే స్ప్రింగు గిరగిరా తిరిగింది.

"ఎన్ని చుట్లు కోశావ్?"

ఒకటిన్నర.
బందరు రోడ్డు మీద కారు
నేలని రాసుకుంటూ పోవాలని,
నా చేత్తోనే, గ్రైండరుతో, ఓ ఆదివారం.

"గోతిలో దిగినప్పుడల్లా
కూర్చున్న చోటు వదిలేస్తోంది.
వెతుక్కుని మళ్లీ కూర్చుంటోంది.
అంతే. దానికేం జబ్బు లేదు.
ఇట్టాగే తిప్పితే మాత్రం ఓ రోజు కూర్చోదు."

కాసేపాగి,
"ఆ ముక్కలేం చేశావ్?"

టేబుల్ మీద పెట్టుకున్నాను,
ఫ్యానుగాలికి కాగితాలు ఎగరకుండా.

నవ్వలేదు.
బీడీ మళ్లీ వెలిగించుకున్నాడు.