పదిహేడో చేప

మొగల్తూరు కాలవగట్టున
కొప్పాడి మంగాయమ్మ ఇంట్లో
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన
పొణికి చేప.
పొట్టలో సీసం. గురిగింజ కళ్ళు, ఒకటి రాలిపోయింది.
వీపు మీద మూడు గాట్లు.

"దెబ్బలున్నాయి కదా, రేటు తగ్గించు" అన్నాను.
నిజానికి దెబ్బలుంటేనే నాకు ముద్దు.

"మా మావ బల్లెమండీ.
చెక్కిందీ ఆయనే,
చేపనుకుని పొడిచిందీ ఆయనే. మూడు మాట్లు!"
నవ్వాపుకుని నోట్లు లెక్కపెట్టుకుంది.
"ఓసారి నీళ్ళు చూపించి పట్టుకెళ్ళండి."

తాడు కట్టి దింపాను.
ఎడమకి ఒరిగి, మెల్లగా ఓ చుట్టు తిరిగింది.
గుర్రపుడెక్క కిందనించి
ఎర్రటి పిల్లల గుంపుని వెనకేసుకుని
కొరమేను
దూసుకొచ్చి గుద్దింది.

ఇంట్లో అద్దాల బీరువాలో పదహారున్నాయి.
వారంవారం పొడిగుడ్డతో తుడుస్తాను.

తాడింకా నా వేలికే ఉంది.
గుంజుతోంది.