ఓడ ముక్కు

ఆగస్టు. కెమి ఊళ్లో
రాత్రి పదయితే గానీ కునుకు తీయని వెలుతురు.
రేవులో మంచుఓడ మాత్రం
చలికాలం దాకా పని లేక
తాళ్లకు కట్టుబడి ఆవలిస్తోంది.

బడి వ్యాయామశాలలో ఇరవై ముగ్గురు.
మూడు చిన్న బడుల నుంచి వచ్చి
మూడు దీవులుగా కూర్చున్నారు.
నడుమ చెక్కనేల మీద బాస్కెట్‌బాల్ గీతలు,
ఇవాళ్టికి అవి దేశాల సరిహద్దులు.

ఏడో తరగతి.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వయసు.
నిన్నటి గొంతు ఇవాళ తనది కాదు.
గడ్డం మీద లేచిన ఒక్క మొటిమ
ఊరంతటికీ కనబడుతోందని గట్టి నమ్మకం.

నేను వీళ్లకు చేతిపనుల టీచర్ని.
ఇరవై ఒక్క ఏళ్లుగా ఇదే రోజు, ఇదే ఈల,
ఇదే ఎర్ర ఉన్ని ఉండ.
మంచు పగలగొట్టే ఆటలంటారు వీటిని.
ఆ మాట ఇక్కడ ఊరికే అనకూడదు:
మా ఊళ్లో ఆ పని చేసి
జీతం తెచ్చుకునేవాళ్లున్నారు.

మొదటి ఆట. నోరు విప్పకుండా
పుట్టినరోజుల వరసలో నిలబడాలి.
వేళ్లు లేచి నెలలయ్యాయి.
డిసెంబరుకి వేళ్లు చాలక
తైమి బూటు విప్పబోయింది.
ఎవరో కిసుక్కుమన్నారు,
వెంటనే, తప్పు చేసినట్టు, మానేశారు.

రెండోది ఉన్ని ఉండ.
పేరు పిలిచి విసరాలి, కొస వదలకూడదు.
ఓనెర్వా విసిరితే ఎమెలికి,
ఎమెలి విసిరితే హోదన్‌కి.
చివరికి అందమైన సాలెగూడు అవుతుందని
శిక్షణలో చెప్పారు.
నా చేతిలో ఏ ఏడూ అవలేదు.
ఈసారీ చిక్కే, పిల్లి నమిలి వదిలినట్టు.

మూడోది: రెండు నిజాలు, ఒక అబద్ధం.
ఒకడికి పాము కరిచిందట, ఒకతికి కవలలట.
వాడిపోయిన అబద్ధాలు, ఏటా వినేవే.
వెయిక్కా వంతు వచ్చింది.
పొద్దున్నుంచీ ఉలుకూ పలుకూ లేనివాడు,
హుడీ టోపీలోంచే చెప్పాడు:
"మా నాన్న మంచుఓడలో పని చేస్తాడు.
ఆదివారం అక్కడ దాల్చిని బన్నులు పెడతారు.
ఓడ ముక్కు కత్తిలా ఉంటుంది."

బన్నులే అబద్ధం, అన్నారందరూ.
నేనూ అదే అనుకున్నాను.

వాడు టోపీ వెనక్కి తోశాడు.
"ముక్కు మొద్దుగా ఉంటుంది," అన్నాడు.
ఎడమ అరచేతిని మంచు చేశాడు,
కుడి పిడికిలిని ఓడ చేశాడు.
"కోయదు. గుద్దదు.
మెల్లగా పైకెక్కి కూర్చుంటుంది.
బరువు ఆగలేక మంచే విరుగుతుంది."
పిడికిలి కింద అరచెయ్యి
నెమ్మదిగా రెండుగా వాలింది.

ఎవరూ నవ్వలేదు. ఇరవై ముగ్గురిలో
సగం మంది చేతులు, తమకు తెలియకుండానే,
ఒకదాని మీదొకటి ఎక్కి చూసుకుంటున్నాయి.

హోదన్ అడిగింది: "ఓడ వెళ్లిపోయాక?"
"మళ్లీ గడ్డకడుతుంది. ఒక్కోసారి సాయంత్రానికే."
"మరి?"
"మళ్లీ రావాలి. నాన్న అందుకే ఇంటికి రాడు."
ఇది ఆటలో లేని నాలుగో వాక్యం.
నిజమా అబద్ధమా అని ఎవరూ అడగలేదు.

గంట మోగింది. మూడు దీవులూ
మూడు తలుపుల్లోంచి వెళ్లిపోయాయి.
నేను అలవాటు ప్రకారం కత్తెర తీశాను.
"వద్దు టీచర్," అంది హోదన్,
చిక్కు పక్కన బాసింపట్టు వేసుకుని.
వెయిక్కా ఎదురుగా కూర్చున్నాడు.
ఒక కొస ఆమె వెతికింది, ఒక కొస వాడు.
ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడలేదు.
భోజనం వేళ దాటిపోతోందని
నేనూ గుర్తు చేయలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ మూడు దీవులు.
ఈల జేబులోనే ఉంచాను.
సగం చిక్కు విడిన ఉన్నితో
వాళ్ల మధ్య నేల మీద కూర్చున్నాను,
నా బరువంతా వేసి.